ఎర్రమట్టి మీద ఆరు కిలోల బండి

గట్టు అంచు దాకా వచ్చి బండి గాల్లోకి లేచింది. నాలుగు చక్రాలూ కిందికి వేలాడుతున్నాయి, మోటారు కీచుమంటోంది. మీ మోకాలి ఎత్తు దాటి, అవతల మట్టిలో పడింది. అడుగు నేలకు కొట్టుకున్న చప్పుడు కడుపులో వినపడింది. మళ్లీ ఎగిరి, ఎడమ పక్కకు ఒరిగి, ఒక పల్టీ కొట్టి వెల్లకిలా ఆగింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎర్ర దుమ్ము మీ పెదాల మీద వాలింది.

"మళ్లా అదే బాబాయ్. ఎడమ పక్కకే పోతాంది."

మీరు నిలబడింది చండ్రుగొండలో, రోడ్డుకు ఆనుకుని ఉన్న కమాన్ కట్టల షెడ్డు వెనకున్న ఖాళీ జాగాలో. సంక్రాంతి వెళ్లింది. కనకగిరి గుట్టల మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పొద్దున ఎనిమిదవుతున్నా షర్టు లోపలికి చలి దూరుతోంది. షెడ్డు ముందు జామాయిల్ కర్ర లోడు దించుకుని వచ్చిన లారీ ఒకటి వెనక ఇరుసు ఎత్తించుకుని జాకీల మీద నిలబడి ఉంది. దాని కమాన్ కట్ట విప్పి నేల మీద పరిచారు. విరిగింది మూడో పట్టీ. రోడ్డు అవతల మిర్చి తోటలో కూలీలు వరసలు పట్టి కాయ కోస్తున్నారు.

బండి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కుర్రాడిది. ఎనిమిదో వంతు కొలతలో చేసిన మాన్‌స్టర్ ట్రక్, రిమోట్‌తో నడిచేది. పండక్కి ఇంటికి వస్తూ వెంట తెచ్చుకున్నాడు. షెడ్డు వాళ్ల బాబాయిది. ఆయన చేతులకు గ్రీజు, చెవి మీద బీడీ. లారీ పట్టీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఈ చిన్న బండిని బొమ్మ అనలేదు. తెచ్చిన రోజే తిరగేసి, కింది ఆర్మ్‌లు కదిపి చూసి, "పనితనం ఉంది" అన్నాడట.

రండి, దగ్గరికి. బండిని కుర్రాడు తెచ్చి గోనెసంచి మీద పెట్టాడు. మీ రెండు చేతులూ చాసిస్ వెనక భాగం మీద ఆనించి కిందికి నొక్కండి. చాలా తేలిగ్గా దిగుతుంది. వదలండి. లేవడానికి బద్ధకిస్తుంది. దిగేటప్పుడు మెత్తన, లేచేటప్పుడు మొద్దు. ఆ తేడా మీ అరచేతికి తెలిసిందంటే సగం రోగం తెలిసినట్టే.

కుర్రాడు చేసింది ఇది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు షాకుల్లో ఐదు వందల సీఎస్‌టీ ఆయిల్ ఉంది (సీఎస్‌టీ అంటే చిక్కదనం కొలత). పెద్ద బ్యాటరీ వేశాడు, లావు టైర్లు వేశాడు, అడుగున ఉక్కు రేకు బిగించాడు. బరువు పెరిగింది, అడుగు నేలకు తగలడం మొదలైంది. దానికి విరుగుడుగా స్ప్రింగుల పైనున్న కాలర్లు తిప్పి తిప్పి బిగించాడు, ఆయిల్ తీసేసి వెయ్యి సీఎస్‌టీది పోశాడు. చాలామంది చేసేది ఇదే. ఆయిల్ మార్చడం సులువు, సీసా చేతిలోనే ఉంటుంది. సరైన స్ప్రింగు దొరకాలంటే మాత్రం వెతకాలి.

బాబాయి ఒంగి కూర్చున్నాడు. "బరువు మోసేది కమానురా. ఆయిల్ మోస్తదా? లోడు పెరిగితే మేము పట్టీ ఎక్కిస్తం. గ్రీజు ఎక్కువ పెడతమా?"

"కాలర్ బిగించిన గదా బాబాయ్, స్ప్రింగు గట్టిపడ్డది."

"ఎత్తు లేచింది. గట్టిపడలే."

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తప్పుదోవ పడతారు. కాలర్ తిప్పితే స్ప్రింగు కూర్చునే చోటు మారుతుంది, అంతే. తీగ మందం మారదు, చుట్ల సంఖ్య మారదు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ముందు ఎంత బలం కావాలో తర్వాతా అంతే కావాలి. కాబట్టి బండి చూపులకు ఎత్తుగా నిలబడుతుంది గానీ, గుంతలో పడినప్పుడు అదే మెత్తన. పైగా కాలర్ మరీ బిగిస్తే చక్రం కిందికి దిగే జాగా తగ్గుతుంది. నిలబడ్డ బండి తన బరువుకు తాను కొంత దిగి ఉండాలి. అలా దిగి ఉంటేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకుని నేలను పట్టుకోగలదు. ఇలాంటి గతుకు నేలకు మొత్తం కదలికలో మూడో వంతు దాకా దిగి ఉండటం మంచిది.

కుర్రాడు ఫోన్ తీశాడు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్. మీరు గట్టు పక్కన కాకుండా, గాట్ల పక్కన కూర్చోండి. వానల్లో టిప్పర్లు వెనక్కి తిప్పుకున్నప్పుడు పడ్డ గాట్లు ఎండి రాయిలా బిగిసిపోయాయి. జానెడున్నరకు ఒకటి చొప్పున వరసగా ఉన్నాయి. బండి వాటి మీదుగా గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో మీ ముందు నుంచి దూసుకుపోయింది. కంటికి ఎర్రటి చార తప్ప ఏమీ కనపడలేదు.

ఇప్పుడు ఫోన్‌లో చూడండి. మొదటి గాటు: చక్రం పైకి లేచింది. రెండో గాటు వచ్చేసరికి చక్రం ఇంకా కిందికి దిగనే లేదు, సగంలో ఉంది. అక్కడి నుంచే మళ్లీ పైకి. మూడోది. నాలుగోదానికి షాక్ పూర్తిగా ముడుచుకుపోయి, అడుగు రేకు మట్టిని గీస్తోంది. ఆ వేగంలో ఒక గాటుకూ ఇంకో గాటుకూ మధ్య ఉన్న వ్యవధి సెకనులో దాదాపు ఇరవై అయిదో వంతు. ఆ లోపల స్ప్రింగు చక్రాన్ని కిందికి తోయాలి. వెయ్యి సీఎస్‌టీ ఆయిల్ తోయనివ్వడం లేదు. స్ప్రింగుకు బలం చాలదు, ఆయిల్ దారి ఇవ్వదు. బండి గాటు గాటుకూ కుంగిపోతోంది.

బాబాయి వీడియో రెండోసారి వేయించుకుని చూశాడు. ఏమీ అనకుండా లేచి వెళ్లి, షెడ్డులోంచి మిర్చి శాంపిల్ తూచుకునే చిన్న డిజిటల్ కాటాలు రెండు తెచ్చాడు.

ముందు చక్రాలు ఒక కాటా మీద, వెనక చక్రాలు ఇంకో కాటా మీద. ముందు 2 కిలోల 700. వెనక 3 కిలోల 300. మొత్తం ఆరు కిలోలు. తర్వాత పక్కల చొప్పున తూచారు. బ్యాటరీ ఉన్న ఎడమ పక్క కొంచెం బరువు. కుర్రాడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. బండి బరువు తెలియకుండా స్ప్రింగు ఎంచడం కుదరదు.

వెనక ఎడమ షాక్ విప్పాడు. స్ప్రింగు తీసి ఒట్టి షాక్‌ను మీ చేతికిచ్చాడు. రాడ్‌ను లోపలికి తోసి లాగండి. మొదట గట్టిగా, ఆపైన ఒక్కసారి వదులుగా, 'చప్ చప్' మని లోపల చప్పుడు. కుడి షాక్‌లో ఆ చప్పుడు లేదు. ఎడమదానిలో గాలి చేరింది. గాలి బుడగ నలుగుతున్నంత సేపు పిస్టన్‌కు అడ్డే ఉండదు. దిగేటప్పుడు ఎడమ మూల ముందు కుంగుతోంది, బండి అటే ఒరుగుతోంది. పల్టీకి కారణం గట్టు కాదు, డ్రైవింగూ కాదు, చిటికెడు గాలి.

ఇప్పుడు స్ప్రింగు. కాటా మీద నిలబెట్టి, పైన చిన్న చెక్క పెట్టి, కిలో పడేదాకా చేత్తో నొక్కాలి. పక్కన స్కేలు. పాత స్ప్రింగు పదకొండు మిల్లీమీటర్లు దిగింది. కుర్రాడి బ్యాగులో ఒక ప్యాకెట్ ఉంది, రంగు రంగుల స్ప్రింగులు. రంగును నమ్మడానికి లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో వరస. అందుకే ఒక్కోటీ నొక్కి చూశారు. ఒకటి కిలోకు ఏడు మిల్లీమీటర్లు దిగింది. దాన్ని పక్కన పెట్టారు.

"ఒకటిన్నర రెట్లు గట్టిది. మరీ ఎక్కువైతదేమో?" కుర్రాడి అనుమానం.

కాదు. చక్రం దగ్గర లెక్క వేరు. షాక్ కింది కొస ఆర్మ్ చివర ఉండదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. చక్రం పైకి లేచినంత దూరం స్ప్రింగు నలగదు. సగం దూరమే నలిగితే, చక్రం దగ్గర దాని బలం సగం కాదు, నాలుగో వంతు: కదలిక సగం, దాని మీద మీట ప్రభావం మళ్లీ సగం. ఈ బండిలో షాక్ సగానికి కొంచెం అవతల ఉంది కాబట్టి మూడో వంతుకు దగ్గరగా వస్తుంది. చేతిలో రాయిలా అనిపించే స్ప్రింగు చక్రం దగ్గరికి వెళ్లేసరికి మెత్తబడిపోతుంది. బాబాయి లారీల్లో కట్ట నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది, అక్కడ ఈ తిరకాసు లేదు. ఆయన ఆర్మ్‌ను వేలితో మీటి, షాక్ ఎంత కదిలిందో చూసి, తల ఊపాడు.

ఆయన లారీల్లో ఇంకో సంగతి కూడా ఉంది. నేల మీద పరిచిన ఆ పట్టీల వంక చూడండి. ఒక్కోదాని కొసల దగ్గర అద్దంలా నున్నగా మెరుస్తోంది. లోడు మీద పట్టీ మీద పట్టీ రాసుకుని అలా అయింది. ఆ రాపిడే ఊపును ఆపుతుంది. అందుకే మన లారీల్లో వెనక ఇరుసుకు షాకులు లేనివి చాలా తిరుగుతుంటాయి. చుట్టల స్ప్రింగుకు ఆ రాపిడి లేదు. ఒక్కసారి నొక్కి వదిలితే ఊగుతూనే ఉంటుంది. దానికి ఆయిల్ తోడు కావాల్సిందే. రిమోట్ కార్లలో ఈ జోడీ ఎప్పుడూ ఉన్నది కాదు. జపాన్ కంపెనీ తమియా 1976లో తన మొదటి రిమోట్ కారు పోర్షె 934ను తెచ్చింది, అది చదును నేల బండి. 1984లో అమెరికాలో అసోసియేటెడ్ వాళ్లు ఆర్‌సీ 10 తెచ్చాకే అల్యూమినియం గొట్టం, లోపల ఆయిల్, చుట్టూ స్ప్రింగు అన్న అమరిక మట్టి బండ్లకు ప్రమాణమైంది. అప్పటి బండ్లు రెండు కిలోలు కూడా లేవు. ఇప్పుడు ఆరు, ఎనిమిది, పది కిలోలు. అమరిక అదే, మోత పెరిగింది.

ఆయిల్ సంగతికొద్దాం. స్ప్రింగు గట్టిపడితే ఆయిల్ కూడా చిక్కబడాలి, కానీ అంతే మోతాదులో కాదు. ఊపును ఆపడానికి కావాల్సిన అడ్డు స్ప్రింగు బలానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. స్ప్రింగు ఒకటిన్నర రెట్లైతే ఆయిల్ ఒకటింపావు రెట్లు చాలు. ఐదు వందలకు ఒకటింపావు అంటే ఆరు వందల పాతిక. కుర్రాడి దగ్గర ఆరు వందలది ఉంది. వెయ్యికీ దానికీ ఎంత దూరమో చూడండి. సీసా మీద సీఎస్‌టీ అంకెనే చూడాలి. 'వెయిట్' అని రాసే అంకె ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ కలవదు.

పోసే పని తొందరలో జరిగేది కాదు. షాక్ గొట్టాన్ని నిలబెట్టి పట్టుకోండి, మూత వైపు పైకి. రాడ్ కిందికి లాగి ఉంచండి. ఆయిల్ సన్నని ధారగా అంచు దాకా. ఇప్పుడు రాడ్‌ను నెమ్మదిగా పైకి, నెమ్మదిగా కిందికి. పిస్టన్ రంధ్రాల్లోంచి ఆవగింజంత బుడగలు వరసగా పైకొస్తాయి. తొందరపడి గబగబా ఆడిస్తే ఆయిల్ నురగెత్తి పని పాడవుతుంది. గొట్టాన్ని గోడకు ఆనించి వదిలేయండి. చలికి ఆయిల్ చిక్కగా ఉంది, బుడగలు ఎక్కి రావడానికి సమయం తీసుకుంటాయి. ఈలోగా బాబాయి టీ పురమాయించాడు. టీ తాగేసరికి పైన అద్దంలా తేటపడింది. రబ్బరు తొడుగు ఒక అంచు నుంచి మెల్లగా కూర్చోబెట్టి, పొంగిన ఆయిల్ గుడ్డతో తుడిచి, మూత బిగించాడు. ఎడమదీ కుడిదీ పక్కపక్కన పట్టుకుని ఒకేసారి నొక్కాడు. రెండూ ఒకేలా లోపలికి, ఒకేలా బయటికి. చప్పుడు లేదు. ముందు షాకులకూ ఇదే వరస, కొంచెం మెత్తని స్ప్రింగులతో.

కాలర్లన్నీ వదులు చేసి, బండిని జానెడెత్తు నుంచి నేల మీదికి వదిలారు. దిగింది, ఒక్కసారి లేచింది, ఆగింది. ఆర్మ్‌లు నేలకు సమాంతరంగా ఉన్నాయి. ఎడమ పక్క మాత్రం బ్యాటరీ బరువుకు కాస్త కిందికి ఉంది. ఇప్పుడు ఎడమ కాలర్లు చిటికెడు బిగించి ఎత్తు సరిచేశాడు. కాలర్ పుట్టింది ఈ పనికే.

గాట్ల దగ్గరికి రండి. అదే వేగం, అదే వరస. ఈసారి చప్పుడే మారిపోయింది. ఇందాకటి గరగర లేదు, చక్రాలు మాత్రం టకటకమంటూ పోయాయి. ఫోన్‌లో చూస్తే ప్రతి గాటు తర్వాతా చక్రం కిందికి దిగి నేలను అందుకుంటోంది. పైన చాసిస్ గీత గీసినట్టు తిన్నగా పోతోంది. కుర్రాడు ఎగిరి గంతేశాడు. బాబాయి చెవి మీది బీడీ తీసి వెలిగించాడు.

గట్టు మీద మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. పల్టీ పోయింది, బండి నాలుగు చక్రాల మీదే దిగింది. కానీ అడుగు వెనక భాగం ఇంకా నేలకు కొట్టుకుంటోంది. "ఆయిల్ మళ్లా పెంచుదామా?" అన్నాడు కుర్రాడు. గాట్ల మీద ఇప్పుడే గెలిచినదంతా పోతుంది అన్నాడు బాబాయి. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎందుకంటే గట్టు లెక్క వేరు. అర మీటరు నుంచి పడ్డ బండిని ఆరు సెంటీమీటర్ల కదలికలో ఆపాలంటే సగటున దాని బరువుకు తొమ్మిది రెట్ల బలం కావాలి, యాభై కిలోల పైమాటే. ఈ స్ప్రింగులు పూర్తిగా నలిగినా అందులో ఓ భాగమే ఇవ్వగలవు. మిగతా దెబ్బ ఆయిలే తినాలి. ఎనిమిదో వంతు బండికి ఈ మోకాలెత్తు గట్టు, పెద్ద లారీకి నాలుగు మీటర్ల ఎత్తుతో సమానం. బాబాయి ఆ మాట విని తన లారీ వంక ఒకసారి చూసుకున్నాడు.

దారి పిస్టన్‌లో ఉంది. రంధ్రాలు సన్నవైతే, నెమ్మదిగా కదిలినప్పుడు పెద్ద తేడా తెలియదు. వేగంగా తోసినప్పుడు మాత్రం ఆయిల్ అందులోంచి దూరలేక ఒక్కసారిగా బిగుస్తుంది. గట్టు దిగేటప్పుడు కావాల్సింది ఆ బిగువే. కానీ గాట్ల మీద కూడా పిస్టన్ వేగంగానే కదులుతుంది, అక్కడ ఆ బిగువు చేటు. రెండూ పూర్తిగా దొరకవు. నాలుగు షాకుల్లోనూ సన్న రంధ్రాలు వేసి చూస్తే గట్టు దగ్గర దూదిలా దిగింది, గాట్ల మీద ముందు చక్రాలు గెంతి బండి దారి తప్పింది. చివరికి ముందు షాకుల్లో పాత పిస్టన్లు, వెనక షాకుల్లో మాత్రం సన్న రంధ్రాలవి ఉంచారు. గట్టు దిగేటప్పుడు ముందు నేల తాకేది వెనక చక్రాలే. గాట్ల మీద దారి చూపేది ముందు చక్రాలు. నా ఉద్దేశంలో ఈ నేలకు ఇంతకన్నా మంచి పంపకం లేదు. దిగినప్పుడు అడుగు నేలను ఒకసారి తాకితే తాకనీ. కొట్టుకోకపోతే చాలు.

పన్నెండయ్యేసరికి మంచు జాడ లేదు. రేకుల షెడ్డు కింద కూడా ఉక్కగా ఉంది. మిర్చి కూలీలు చెట్ల నీడన అన్నాలు విప్పుకున్నారు. బండి అవే గాట్ల మీద పొద్దుటికన్నా ఒక ఊపు ఎక్కువ ఊగుతోంది. మీ అరచేతితో నొక్కి చూడండి, తెలుస్తుంది. పదిహేను డిగ్రీల చలిలో పోసిన సిలికాన్ ఆయిల్ ముప్పై డిగ్రీలకు వచ్చేసరికి పావు వంతు పలచబడుతుంది. మే నెలలో కొత్తగూడెం పక్కన నలభై అయిదు డిగ్రీల ఎండలో ఆడించాలంటే ఇంకా చిక్కటి ఆయిల్‌కు పోవాల్సి రావచ్చు. కుర్రాడు నోట్‌బుక్‌లో కొత్త గడి గీశాడు. ఆయిల్ అంకె పక్కన ఇక నుంచి ఎండ అంకె కూడా.

షెడ్డు ముందు హారన్. లారీ డ్రైవర్ వచ్చాడు. బాబాయి లేచి, సెంటర్ బోల్టు దూర్చి, కొత్త పట్టీ మధ్యలో వేసి, యూ బోల్టులు ఎక్కించడం మొదలుపెట్టాడు. బిగిస్తూనే వెనక్కి తిరిగి అరిచాడు.

"మలుపులో వెనక పక్క ఇంకా ఒరుగుతాంది, చూసినవా? దాని సంగతి చూడు. ఒక్కటే మార్చు. రెండు ఒక్కసారి మార్చకు, ఏది పని చేసిందో తెల్వదు."

కుర్రాడు ఒరుగుడు తగ్గించే కడ్డీ, వెనక యాంటీ రోల్ బార్ తీసి వేళ్లతో వంచి చూస్తున్నాడు. బ్యాగులో ఇంకోటి, కొంచెం లావుది ఉంది. స్క్రూడ్రైవర్ మీ కాలి దగ్గరే పడి ఉంది, అందుకోండి.